పాత కోళ్ళ మధ్యకు కొత్త పెట్ట



మన "ఇల్లు – వాకిలి" శీర్షికకు ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఒకటి నన్ను చాలాసేపు ఆలోచనలో పడవేసినది. మునగాల దగ్గర ఒక పల్లెనుండి ఒక సహోదరి వ్రాసినారు. పేరు వేయవద్దని కోరినారు గనుక వేయుట లేదు. ఆమె వ్రాసినది క్లుప్తంగా ఇది:

"అక్కయ్యగారికి వందనాలు. మా ఇంట్లో ఏడు నాటు పెట్టలు, ఒక పుంజు ఉన్నవి. గ్రుడ్ల మీద వచ్చే డబ్బుతోనే పిల్లల నోటు పుస్తకాలు, నా చేతి ఖర్చు వెళ్ళిపోతవి. గ్రుడ్లు తగ్గినవని మొన్న సంతలో మూడు ఈడు పెట్టలను కొన్నాను. పారిపోకుండా కాళ్ళకు తాడు కట్టి, వాకిట్లో వేపచెట్టు కింద గుంజకు కట్టేసి పొలం పోయినాను. తిరిగి వచ్చేసరికి ఒకటి చచ్చి పడి ఉన్నది. తల మీద తోలు లేదు. ఇంకొకదానికి ఒక కన్ను పోయింది. మా పాత పెట్టలే పొడిచినవి. మా అత్తమ్మ, 'నీకు కోళ్ళు అచ్చిరావు, ఉన్న రెండూ అమ్మెయ్' అంటున్నది. ఇందులో నా తప్పేమైనా ఉన్నదా? మిగిలిన రెంటిని బ్రతికించుకొనే దారి చెప్పండి."

చెల్లీ, నీ ఉత్తరము చదివి బాధపడినాను. మూడు పెట్టలకు పెట్టిన డబ్బు కూలి చేసికొనే ఇంటికి చిన్నది కాదు. తప్పు ఉన్నదా అని అడిగినావు. ఉన్నది గాని, అది నీ ఒక్కదాని తప్పు కాదు. మన పల్లెలలో తరతరాలుగా అందరమూ చేయుచున్న తప్పే. కొత్త కోడిని తేగానే కాలికి తాడు కట్టుట మన అలవాటు. ఆ తాడే దానికి ఉరి త్రాడైనది. ఎట్లనగా వినుము.

కోళ్ళ మందలో ఒక వరుస ఉంటుంది. అందరికంటె పై పెట్ట ఎవరినైనా పొడువవచ్చును, దానిని ఎవరూ పొడువరు. రెండవది మొదటిదానికి జడిసి తక్కినవాటిని పొడుచును. ఇట్లు చివరిదాకా సాగును. అందరికంటె క్రిందిది అందరిచేతా దెబ్బలు తిని, ఎవరినీ ఏమీ అనలేదు. ఈ సంగతిని మొట్టమొదట శ్రద్ధగా పరిశీలించి లోకానికి చెప్పినవాడు నార్వే దేశస్థుడైన షెల్డెరప్ ఎబ్బె. ఆయన చిన్ననాటినుండే ఇంటి కోళ్ళ దగ్గర కూర్చుండి, ఏది దేనిని పొడుచుచున్నదో చూచి వ్రాసికొనేవాడు. పెద్దవాడైన తరువాత 1922లో ఆ సంగతులను జర్మన్ భాషలో ప్రచురించినాడు. మనుష్యులలో ఎక్కువ తక్కువలను గూర్చి చెప్పుటకు ఇంగ్లీషువారు వాడే "పెకింగ్ ఆర్డర్" అను మాట ఈ కోళ్ళ వరుసనుండి పుట్టినదే.

ఈ వరుస చెడ్డది అనుకొనవద్దు. వరుస కుదిరిన మందలో పోట్లాటలు తక్కువ. నూకలు చల్లగానే ఎవరు ముందు, ఎవరు వెనుక అని వాటికి తెలిసియుండును గనుక ఊరక చూపుతోనే సరిపెట్టుకొనును. కోడి మరొక కోడిని ముఖ్యంగా తలను, తురాయిని చూచి గుర్తుపట్టును. ముఖము తెలియని కోడి వచ్చినదంటే దాని చోటు ఎక్కడో ఎవరికీ తెలియదు. అది తేలవలెనంటే పొడుచుకొనక తప్పదు. ఓడిన కోడి తల వంచి ప్రక్కకు పారిపోవును. అది పారిపోగానే గెలిచినది కూడ వదలివేయును. పోరాటము అక్కడితో ముగియును.

ఇప్పుడు నీ వాకిలిని తలంచుకొనుము. కొత్త పెట్ట ఓడిపోయినది. పారిపోవలెనని ఎగిరినది. కాలికి తాడు. పొడుచుచున్న పెట్టకు ఇది ఓడిపోయినదని తెలియుట లేదు, ఎదుటనే నిలువబడియున్నది గదా! మరల పొడిచినది. రక్తము కనబడినది. ఎర్రని రంగు కనబడితే కోళ్ళు అక్కడనే పొడుచును. ఒకటి మొదలు పెట్టగా తక్కినవి చేరినవి. నీ పాత పెట్టలు దుర్మార్గమైనవి కావు. కొత్తదానికి పారిపోయే దారి లేకపోవుటే దాని ప్రాణము తీసినది. ఇరుకు గూటిలోనికి ఒకేసారి తోసినా, ఒకే గంప క్రింద అన్నిటిని మూసి తెల్లవారిన తరువాత ఆలస్యంగా లేపినా ఇదే జరుగును.

కావున కొత్త కోళ్ళను కలుపవలసిన వరుస చెప్పెదను. దీనికి నెల రోజులు ఓపిక కావలెను గాని, పెద్ద ఖర్చు లేదు.

మొదటిది, మూడు వారాలు పూర్తిగా వేరుగా ఉంచవలెను. ఇది పోట్లాటకొరకు కాదు, రోగముకొరకు. ఈ మాట నా అనుభవముతో చెప్పుచున్నాను. చాలా ఏండ్ల క్రిందట నేను సంతనుండి నాలుగు పెట్టలను తెచ్చి, అదే సాయంత్రము మా కోళ్ళతో కలిపి గూటిలో మూసినాను. చూచుటకు నిగనిగలాడుచున్నవి. వారము తిరుగకుండా వాటిలో ఒకటి మెడ వంకర తిప్పి పడిపోయినది. పది రోజులలో మా వాకిట్లో కూయుటకు పుంజు కూడ మిగులలేదు. పదకొండు కోళ్ళు పోయినవి. ప్రక్క ఇండ్ల కోళ్ళకు కూడ తగిలి, నేను వారి ముఖము చూడలేకపోయినాను.

అది కొక్కెర తెగులు. 1926లో ఇంగ్లాండులోని న్యూకాసిల్ పట్టణము దగ్గర దీనిని గుర్తించినందున ఇతర దేశాలవారు దానిని న్యూకాసిల్ వ్యాధి అందురు. మన దేశములో ఉత్తరాఖండ్ కొండలలోని రాణిఖేత్ పేరు పెట్టినారు. నోరు తెరచి గసబెట్టుట, పచ్చగా తెల్లగా పారుట, రెక్కలు కాళ్ళు పడిపోవుట, మెడ తిరిగిపోవుట దీని గుర్తులు. వచ్చిన తరువాత నయము చేయు మందు లేదు. రాకముందు వేయించు టీకా మాత్రమే ఉన్నది. రోగము అంటిన కోడి కొన్ని రోజులు ఏ గుర్తూ లేకుండా తిరుగును. అందుకే సంతలో ఆరోగ్యంగా కనబడినదని నమ్మరాదు.

కొత్త కోళ్ళను పాతవాటికి దూరంగా, వీలైతే ఇంటికి అవతలి ప్రక్క ఉంచుము. వాటి నీళ్ళ మూకుడు, మేత చిప్ప వేరుగా ఉండవలెను. ప్రతి ఉదయము ముందు పాతవాటికి మేత వేసి, తరువాతనే కొత్తవాటి దగ్గరకు పొమ్ము. వచ్చిన తరువాత చేతులు, కాళ్ళు కడుగుకొనుము. ఏదైనా చచ్చినయెడల చెత్తకుప్ప మీదగాని కాలువలోగాని పారవేయక, లోతుగా గొయ్యి తీసి సున్నము చల్లి పాతిపెట్టవలెను.

ఈ మూడు వారాలలో టీకా సంగతి చూచుకొనుము. కోడిపిల్లలకు ఏడవ రోజున లసోటా మందు ఒక చుక్క కంటిలోగాని ముక్కులోగాని వేయుదురు. ఎనిమిదవ వారములో రెక్క క్రింద సూది మందు వేయుదురు. సంతలో కొన్న పెట్టకు వేసినారో లేదో చెప్పువారు లేరు గనుక, మీకు దగ్గరలోని పశువైద్యశాలలో అడిగి వేయించుము. ఒక కష్టమున్నది. టీకా సీసా ఒకటి విప్పితే సాధారణంగా నూరు కోళ్ళకు సరిపోవును, మంచులో ఉంచి తేవలెను, కలిపిన తరువాత ఒకటి రెండు గంటలలోనే వాడివేయవలెను. ఏడు కోళ్ళకొరకు సీసా విప్పుట వారికీ కష్టమే. కాబట్టి మీ వాడలోని స్త్రీలందరు మాట్లాడుకొని, ఒక సాయంత్రము కోళ్ళను గూళ్ళలో మూసి, మరునాడు ఉదయాన్నే అందరి కోళ్ళకు ఒకేసారి వేయించుట మంచిది. మీ సంఘములోని స్త్రీల సమాజము ఈ పని చేయగలదు. రోగము అడ్డగోడలు చూడదు గనుక మీ ఇంటి కోళ్ళకు ఒక్కదానికే వేయించి లాభము తక్కువ.

రెండవది, చూపు పరిచయము. మూడు వారాలు గడచి, కొత్తవి ఆరోగ్యంగా ఉన్నవని తేలిన తరువాత వాటిని వాకిట్లోనికి తెమ్ము. తాడు కట్టవద్దు. మన ఇండ్లలో ఉండే పెద్ద వెదురు గంపే ఇందుకు చక్కని సాధనము. సందులున్న గంపను చెట్టు నీడలో బోర్లించి, కొత్త రెంటిని దాని క్రింద ఉంచుము. గాలికి, కుక్కలకు పడిపోకుండా పైన రాయి పెట్టుము. లోపల నీళ్ళు పెట్టుము. తరువాత గంప చుట్టూ నూకలు చల్లుము. పాతవి బయట తినును, కొత్తవి లోపల తినును. ఒకదాని ముఖము ఒకటి చూచుకొనును. సందులోనుండి ఒకటి రెండు పోట్లు పొడుచుకొన్నా ప్రమాదము లేదు. కోళ్ళు ఎక్కువైతే దొడ్డిలో ఒక మూల వెదురు తడికగాని పాత చేపల వలగాని కట్టి వేరు చేయవచ్చును. ఇట్లు ఐదారు రోజులు, పగలంతయు చేయుము. ఎండ గంప మీదికి తిరిగినప్పుడు గంపను నీడకు జరుపుట మరువవద్దు.

దీనివలన ఇంకొక మేలు ఉన్నది. కొత్త కోడి పారిపోవునను భయముతోనే గదా మనము తాడు కట్టుట! ఈ ఐదారు రోజులలో అది మీ ఇంటి గొంతును, మేత వేయు చోటును, గూటిని గుర్తుపట్టును. విడిచిన తరువాత కూడ చీకటి పడగానే అక్కడికే వచ్చును. తాడు చేయవలసిన పనిని గంప చేయును, ప్రాణము తీయకుండా చేయును.

మూడవది, రాత్రి కలుపుట. కోడికి చీకటిలో కన్ను ఆనదు. పాతవి గూటిలో చేరి సద్దుమణిగిన తరువాత, దీపము పెట్టకుండా, కొత్తవాటిని మెల్లగా తీసికొనిపోయి వాటి ప్రక్కన కూర్చుండబెట్టుము. ఆ రాత్రి పోట్లాట ఉండదు. అయితే ఇక్కడే చాలామంది పొరబడుదురు. రాత్రి కలిపినాము గనుక పని అయిపోయినదనుకొని తెల్లవారి పొలము పోవుదురు. తెల్లవారగానే వాటికి కన్ను తెరపు కలుగును, ఇరుకు గూటిలో పరుగెత్తుటకు చోటు ఉండదు. కావున వెలుగు రాకముందే లేచి గూటి తలుపు తీయవలెను. మొదటి రోజు ఇంట్లో ఎవరో ఒకరు వాకిట్లో ఉండునట్లు చూచుకొనుము. ఆదివారము మాత్రము వద్దు, అందరము ఆరాధనకు పోవుదుము గదా! గూడు చిన్నదైతే ముందు దానిని పెంచుము. ఒక్కొక్క కోడికి చదరపు అడుగుకు తక్కువ కాకుండా చోటు ఉండవలెను.

నాలుగవది, మేత చోట్లు. మొదటి పది రోజులు ఒక్కచోట మేత వేయవద్దు. మూడు చోట్ల, ఒకదానికొకటి దూరంగా వేయుము. నీళ్ళ మూకుళ్ళు కూడ రెండు మూడు పెట్టుము. పై పెట్ట ఒక చిప్పను కాయగలదు గాని మూడు చిప్పలను కాయలేదు. మన మునగాల, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలలో వరి పంటకు, రైసు మిల్లులకు కొదువ లేదు గనుక తవుడు, నూకలు దొరకుట కష్టము కాదు. గడ్డివాము ప్రక్కన, బండి క్రింద, కట్టెల మోపు వెనుక – ఇట్లు తప్పించుకొని దాగుటకు చోట్లు ఉండనిమ్ము. వాకిలి ఊడ్చి ఖాళీగా ఉంచితే మనకు అందము గాని, తరుమబడే కోడికి ఆధారము లేదు.

ఎంతవరకు చూచి ఊరకుండవలెను? ఎప్పుడు చేయి పెట్టవలెను? మెడ ఈకలు నిక్కబొడుచుకొని ఎదురెదురు నిలుచుట, రెండు పోట్లు పొడుచుట, కొంత దూరము తరుముట – ఇవి జరుగనిమ్ము. మనము అడ్డుపడినకొలది వరుస తేలుట ఆలస్యమగును. రక్తము కనబడినా, ఒకదాని మీదికి రెండు మూడు కలిసి వచ్చినా, ఒకటి రోజంతా మేతకు రాక మూలన నక్కినా, అప్పుడు వెంటనే వేరు చేయవలెను. గాయమును ఉప్పు నీటితో కడిగి, వేపనూనెలో పసుపు కలిపి రాయుము. ఎరుపు కనబడదు, చేదుకు మరొక కోడి నోరు పెట్టదు. గాయము మానిన తరువాతనే మరల గంప క్రిందనుండి మొదలు పెట్టుము.

ఒక్క పెట్టే అందరిని తరుముచున్నదా? దెబ్బలు తిన్నదానిని కాక, కొట్టేదానిని తీసి మూడు నాలుగు రోజులు వేరుగా మూయుము. అది లేనప్పుడు తక్కినవి సర్దుకొనును. తిరిగి వచ్చినప్పుడు తన పాత చోటు అట్లే ఉండదు గనుక దాని పొగరు కొంత తగ్గును.

వారము పది రోజులలో సాధారణంగా అంతా సద్దుమణుగును. ఈలోగా పాత పెట్టలు కూడ గ్రుడ్లు తగ్గించవచ్చును. దానికి దిగులుపడి అమ్ముకొనవద్దు.

ఇక కొనేటప్పుడు జ్ఞాపకముంచుకొనవలసిన మాటలు కొన్ని. ఒక్క కోడిని తేవద్దు, రెండు మూడు కలిపి తెమ్ము. ఒంటరిదాని మీద దెబ్బలన్నీ పడును. పిల్లలను తెచ్చి పెద్దవాటిలో విడువవద్దు, ఇంచుమించు సమానమైన ఒడ్డుపొడుగు రావలెను. జాతిని కూడ చూడుము. పందెపు జాతియైన అసీల్ పెట్టలు కూడ పొగరుబోతులు. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకముకొరకు తయారు చేసిన వనరాజా, గ్రామప్రియ వంటివి కొంత నెమ్మదస్థమైనవి. వాటిని పందెపు జాతి మధ్య విడిచినయెడల ఎక్కువ కావలి కావలెను. పుంజుల సంగతి వేరు. పది పెట్టలకు ఒక పుంజు చాలును. ఎదిగిన రెండు పుంజులను చిన్న వాకిట్లో కలుపవలెనని ప్రయాసపడవద్దు, ఒకదానిని అమ్ముకొనుటయే మేలు.

అన్నిటికంటె సులువైన దారి ఒకటి మన చేతిలోనే ఉన్నది. అది పొదుగు పెట్ట. ఇరువది ఒక్క రోజులు గ్రుడ్లమీద కూర్చున్న పెట్టకు పిల్లలు లేచిన మొదటి రెండు రోజులలో, బయటినుండి తెచ్చిన ఒకటి రెండు రోజుల పిల్లలను రాత్రివేళ దాని రెక్కల క్రింద పెట్టినయెడల, తెల్లవారి అన్నిటిని తనవే అని నడిపించును. ఎన్ని ఉన్నవని లెక్కపెట్టదు. కోడి తన పిల్లలను రెక్కల క్రింద చేర్చుకొనుట మన ప్రభువు కూడ చూచి, యెరూషలేమును గూర్చి మాటలాడినప్పుడు జ్ఞాపకము చేసిన సంగతి మనకు తెలిసినదే. అయితే దానివి వారము పిల్లలైన తరువాత పెట్టవద్దు. అప్పటికి తన పిల్లలేవో దానికి తెలియును, పరాయివాటిని పొడుచును. తల్లి వెంట పెరిగిన పిల్లలు మందకు కొత్తవి కావు, చిన్ననాడే తమ చోటు తాము నేర్చుకొనును.

చెల్లీ, ఇక నీ రెండు పెట్టల మాట. వాటిని అమ్మవద్దు. కన్ను పోయినదానిని పశువైద్యశాలకు తీసికొనిపోయి చూపించుము. రెంటినీ కలిపే ఉంచుము, అవి ఒకదానికొకటి ఎరిగినవి. ఒక్క కన్ను ఉన్న కోడి కూడ తిని, గ్రుడ్లు పెట్టి బ్రతుకగలదు. కన్ను లేని ప్రక్కనుండి వచ్చే పోటు దానికి కనబడదు గనుక కలిపేటప్పుడు దానికి మరి రెండు వారాలు ఎక్కువ ఇమ్ము. పాతవి వాటిని ఇదివరకే ముట్టినవి గనుక రెండు గుంపులను మూడు వారాలు జాగ్రత్తగా కనిపెట్టుము. ఏ ఒక్కటి ముడుచుకొని కూర్చున్నా వెంటనే డాక్టరుగారికి చూపించుము.

మీ అత్తమ్మగారికి నా వందనములు చెప్పి, ఈ పుట చదివి వినిపించుము. అచ్చిరాకపోవుట అనునది ఏమియు లేదని, తాడు తీసి గంప వేసిన చాలునని చెప్పుము. ఆమె కూడ ఒకనాడు ఆ ఇంటికి కొత్తగా వచ్చినామెయే గదా! నీవూ అట్లే వచ్చినావు. కొత్తగా వచ్చినవారికి మొదటి నెలలో కావలసినది పెద్ద ఆదరణ ఏమీ కాదు. దూరమునుండి చూచుకొనుటకు కొన్ని రోజులు, తినుటకు భయములేని ఒక చోటు, మాట పడినప్పుడు తప్పుకొనుటకు ఒక మూల. ఇవి ఇచ్చిన ఇంట్లో కలియుట తానుగా జరుగును. కట్టివేసి "కలిసిపో" అంటే కోడి కూడ కలియలేదు.

నీ రెండు పెట్టలు గూటిలో కలిసి పడుకొన్న రోజున నాకు ఒక కార్డు వ్రాయుము. వచ్చే నెల మేకపిల్లలకు వర్షాకాలములో వచ్చే నులిపురుగులను గూర్చి మాటలాడుకొందము.

మీ అక్కయ్య